జర

పాత పత్రికల గదికి తాళంచెవి ఒక్కటే,
అది సారంగపాణి మొలతాడుకు ఉంటది.
హన్మకొండ గ్రంథాలయం, పై అంతస్తు,
మెట్ల పొంటి గబ్బిలాల వాసన.
"జర ఆగుండ్రి సార్, ఫ్యాన్ ఏస్త" అన్నడు.

మొదటి చీటీ అక్కడ్నే రాసుకునేది.
కాని నోట్లకెల్లి వచ్చింది చెల్లదట.
అచ్చయింది కావాలె.
ఏ తేదీ, ఏ పేజీ, ఎన్నో కాలమ్.
నిఘంటువు వేసేటోళ్ల షరతు.

ముప్పై ఆరేండ్లు ప్రూఫులు దిద్దినోణ్ని,
ఈ కండ్లకు ఇంకేం పని ఉన్నది.

యాభై రెండు, మార్చి. దొరికింది!
వేలు పెట్టి చదివితే
జరామరణములను జయించు లేహ్యము,
డబ్బా రెండు రూపాయలు, పోస్టు ఖర్చులు వేరు.
ఇది ఆ జర కాదు. ముసలితనం.
రెండు మాటలకు ఒక్కటే అంగీ,
ఒకటి తొడుక్కొని బయటికొస్తే
ఇంకొకటి ఇంట్ల కూసున్నది.

జరగనున్న సభ, జరపవలసిన విచారణ,
అన్నిట్ల తల కనబడ్డది,
మనిషి కనబడలే.

అరవై నాలుగు, దీపావళి సంచిక.
కథల ఒక రిక్షా ఆయన.
"జర జరుగుండ్రి" అన్నడు, అంతే,
కొటేషన్ల నడుమ నిలబెట్టిండ్రు మాటను,
పక్కకు బ్రాకెట్ల కాపలా: కొంచెము.
కథ మొత్తంల నవ్వించనీకి ఉన్నది ఆయనొక్కడే.

అరవై ఆరుల పని మరిచిపోయిన.
ఖాజీపేట ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిలగాడు,
ఆకుపచ్చ నిక్కరు, ఎడమ చెవికి పోగు,
పేరడిగితే చెప్పడు, నవ్వుతడు.
దొరికిండా?
తర్వాతి వారం చెదలు తిన్నయి.

ఎనభై ఒకటి. ఇది మా పేపరే.
మా ప్రెస్సుల 'ర'కు నెత్తి మీద చిన్న పగులుండేది,
యాడ చూసినా గుర్తుపడ్త.
ఆగస్టు తొమ్మిది, నాలుగో పేజీ, పాఠకుల లేఖలు:
దయచేసి కొత్తవాడకు ఉదయాన్నే
కుళాయి నీటిని విడుదల చేయగలరని మనవి.
కింద పేరు, కొడం నాంపెల్లి.

అది పోస్టుకార్డు. అంచుకు నీలం రంగు మరక,
నూలు అద్దిన వేళ్లది.
నాంపెల్లి రాసింది వేరే:
నల్లా జర పొద్దుగాల ఇడువుండ్రి,
నీళ్లు పట్టినంకనే మేం మగ్గం ఎక్కాలె.

జర మీద ఎర్ర సిరా గీత నాదే.
గీత మీద దయచేసి అని రాసింది నేనే.
నల్లాను కుళాయి చేసిన, పొద్దుగాలను ఉదయం చేసిన,
ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి
ఆయనకే తొడిగిచ్చిన,
మస్తు మంచి పని చేసిననుకున్న.

మూడో రోజు ప్రెస్సుకొచ్చిండు,
పేపరు మడిచి చంకల పెట్టుకొని.
కోపం లేదు మొఖంల. అడిగిండు, అంతే:
"నా పేరు మీద ఎవలు రాసిండ్రు సార్ గిది?
నేను గింత వంగలే."

నాకు జవాబు రాలే.
"జర కూసోండ్రి, చాయ్ తెప్పిస్త" అన్న.
అన్ననని ఇయ్యాల తెలిసింది,
నలభై ఏండ్లకు, ఈ దుమ్ముల.
ఆయన కూసోలే.
నల్లా ఎప్పుడిడిసిండ్రో నేను అడగలే.

చీటీ నింపిన.
మాట: జర.
తేదీ, పేజీ, కాలమ్, అన్నీ ఉన్నయి.
ఆధారం అన్న కాడ పెన్ను ఆగింది.
అచ్చుల లేదు, కొట్టేసినోడు చెప్తున్నడు
అని రాసి సంతకం పెట్టిన.
వాపసొస్తది. రానీ.

సారంగపాణి కిటికీలు మూస్తున్నడు.
అరవై ఆరు కట్ట మళ్ల దించిన,
చెదలు ఇడిసిపెట్టిన ముక్కలల్ల
ఆకుపచ్చ నిక్కరు కోసం.